నిమిషానికి ఐదు వందల పన్నెండు లీటర్లు

నీరు అనేది కొండ మీద పుట్టి, బల్ల మీద రుజువు కావలసిన పదార్థమని ఊటల పర్యవేక్షణ విభాగం తన మొట్టమొదటి ఉత్తర్వులోనే ప్రకటించింది. అంతకుముందు మన్యంలో నీళ్లు ఎవరికీ దరఖాస్తు పెట్టుకోకుండా, ఎవరి సంతకమూ లేకుండా, తమంత తాము పారేవి. అలా క్రమశిక్షణ లేకుండా తిరుగుతున్న నీటిని ఒక దారికి తేవడానికే అరకులో, సంత వీధి వెనక, రెండు గదుల అద్దె ఇంట్లో ఈ విభాగం వెలిసింది. ఒక గదిలో సహాయ సంచాలకులు సత్యనారాయణ గారు కూర్చుంటారు. రెండో గదిలో డెస్క్‌టాప్ కంప్యూటరు కూర్చుంటుంది. కంప్యూటరుకి రూమ్ హీటరు ఉంది. (సత్యనారాయణ గారికి లేదు. అందుకని చలికాలమంతా ఆయన కంప్యూటరును దగ్గరుండి పర్యవేక్షిస్తారు.)

ఆ కంప్యూటరుకి కొండ మీది నీటి లెక్కలు అందించే బాధ్యత ఉమామహేశ్వరిది. బొబ్బిలి అమ్మాయి. ఇంజనీరింగ్ చదివి, సాంకేతిక సహాయకురాలిగా కాంట్రాక్టు మీద చేరింది. పనంటే ప్రాణం పెడుతుంది. నియామకం చేసేటప్పుడు ఈ లోపాన్ని ఎవరూ గమనించలేదు.

ఆమె అగ్గిపెట్టెంత బోర్డు ఒకటి తయారు చేసింది. దాన్ని ఊట దగ్గర గొట్టానికి బిగించిన నీటి మీటరుకు కలిపింది. నిమిషానికి ఎన్ని లీటర్లు పారుతున్నాయో ఆ బోర్డు లెక్కపెట్టి, వైఫైలో ఊరి బడి మీదున్న పెట్టెకు అందిస్తుంది. అక్కడి నుంచి ఆ అంకె టవరెక్కి, కొండలు దిగి, అరకులో డెస్క్‌టాప్‌లో ఉన్న ప్రోగ్రాముకు చేరుతుంది. ఆ ప్రోగ్రాము కూడా ఉమామహేశ్వరి రాసిందే. బోర్డు అంకె తప్ప ఇంకొక్క అక్షరం పంపదు. ఇలాంటి దాన్ని పచ్చి డేటా అంటారని ఆమె ఆఫీసులో వివరించింది.

పచ్చి డేటా విషయంలో మొదటి రోజే అభ్యంతరం వచ్చింది. దానికి పైన 'ఆర్యా' లేదు, కింద 'ఇట్లు తమ విధేయుడు' లేదు. పంపిన వారి హోదా లేదు. నేరుగా సహాయ సంచాలకుల వారి కళ్ల ముందుకే వచ్చేస్తోంది. పైగా, పంపాక అందిందా లేదా అని కూడా అడగదు. (ఈ ఒక్క లక్షణం మాత్రం విభాగానికి నచ్చింది. తాము పంపే ఉత్తర్వుల పద్ధతీ అదే.) చాలా చర్చ జరిగాక, బోర్డును దినసరి సిబ్బంది కింద నియమిస్తే అధికారికి రాసుకునే అర్హత దానికి వస్తుందని తేల్చారు. నియమించారు. అందరికీ ఊరట కలిగింది.

మొదటి బోర్డు తుమ్మిపుట్టు ఊటకు పెట్టారు. కాఫీ తోటలు దాటి, ఇంకా పైకెక్కితే వచ్చే చిన్న ఊరు అది. వర్షం లేకపోతే జీపు ఎక్కుతుంది. ఉన్నది ఒకటే ఊట. ఆ ఊట నుంచి వచ్చిన మొదటి అంకె తెర మీద కనిపించగానే సత్యనారాయణ గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. నిమిషానికి ఐదు వందల పన్నెండు లీటర్లు.

"ఇది ఊటా, జలపాతమా?" అన్నారాయన.

జిల్లాలో అంత నీరిచ్చే ఊట ఇంకొకటి లేదని ఆ సాయంత్రానికే పై అధికారులకు తెలిసిపోయింది. మర్నాడు కొండ మీద చిన్న వాన కురిస్తే తెర మీద అంకె ఏడు వందల అరవై ఎనిమిదికి ఎగిరింది. విభాగం దిగువ గ్రామాలకు వరద హెచ్చరిక జారీ చేసింది. వరద రాలేదు. సకాలంలో హెచ్చరించడం వల్లే రాలేదని విభాగానికి అభినందనలు వచ్చాయి.

తర్వాత జరగవలసినవన్నీ వరసగా జరిగాయి. తుమ్మిపుట్టు ఊటను జిల్లాలో మొదటి ఊటగా ప్రకటించారు. ప్రోగ్రామును ఆదర్శ ప్రోగ్రాముగా గుర్తించి, ఎవరూ చెడగొట్టకుండా సీలు వేశారు. ఊరికి అవసరమైనది పోగా మిగిలే నీటిని ఏం చేయాలన్న ప్రశ్న వచ్చింది. టైడా వైపు దిగే దారిలో ఒక కొత్త రిసార్టు కడుతున్నారు. దానికి ఈత కొలను ఉంది. కొలనులో నీళ్లు లేవు. పైపు వేసి మిగులు నీటిని అక్కడికి తరలించాలని తీర్మానం అయింది.

ఊట దగ్గర 'జిల్లాలో ప్రథమం' అన్న రేకు బోర్డు పాతడానికి సిబ్బందితో కలిసి ఉమామహేశ్వరి కొండెక్కింది. వలిసెపూలు పూసి కొండవాలంతా పసుపు ఆరబోసినట్టుంది. ఊట దగ్గర మాత్రం బిందెలు బారులు తీరి ఉన్నాయి. బిందెల వెనక ఆడవాళ్లు తీరిగ్గా కూర్చుని, ఒకరి తలలో ఒకరు పేలు చూసుకుంటున్నారు. గొట్టం నుంచి నీటి ధార వేలు లావున, ఏ తొందరా లేకుండా పడుతోంది.

వరసలో ముందున్న సోములమ్మ రేకు బోర్డును పైనుంచి కిందికి చూసింది. ఊళ్లో ఎవరి నీళ్ల గొడవైనా తీర్చేది ఆవిడే.

"ఏటి మేడమ్మా, దీని మీద ఏటి రాసినారు?"

"మీ ఊట నిమిషానికి ఐదు వందల పన్నెండు లీటర్లు ఇస్తోందని రాశారమ్మా."

సోములమ్మ తన బిందెలోకి తొంగి చూసింది. సగం కూడా నిండలేదు.

"ఓలమ్మా! మరి ఇంతసేపేటి? మజ్జిలో ఎవులేనా తాగేత్తన్నారేటి?"

ఆడవాళ్లంతా గొల్లున నవ్వారు. ఉమామహేశ్వరికి నవ్వు రాలేదు. సోములమ్మ బిందె నిండేదాకా గడియారం చూస్తూ అక్కడే నిలబడింది. నిమిషానికి రెండు లీటర్లు. అంతకు మించి ఒక్క చుక్క లేదు. గొంతు తడారిపోయింది. దాహం అడగడానికి మొహం చెల్లక అలాగే కొండ దిగింది.

ఆఫీసుకొచ్చి తన రాతలు తానే తిరగేసుకుంటే విషయం తేలిపోయింది. బోర్డు ప్రతి అంకెనూ రెండు ముక్కలుగా పంపుతుంది. మనకు ఒకట్ల స్థానం, పదుల స్థానం ఉన్నట్టే యంత్రానికి ఒకట్ల స్థానం, రెండు వందల యాభై ఆరుల స్థానం ఉంటాయి. బోర్డు ఒకట్లను ముందు పంపుతోంది. ప్రోగ్రాము మాత్రం ముందు వచ్చేది పెద్ద స్థానం అనుకుని చదువుతోంది. ఒకట్ల స్థానంలో ఉన్న రెండు కాస్తా రెండు వందల యాభై ఆరుల స్థానంలోకి ఎక్కి కూర్చుంది. రెండు లీటర్లు ఐదు వందల పన్నెండు అయ్యాయి.

ఆమె పరుగున సత్యనారాయణ గారి దగ్గరకు వెళ్లింది. ఆయన హీటరు ముందు చేతులు కాచుకుంటున్నారు.

"సార్, ఊటలో ఉన్నది రెండు లీటర్లే. పంపేవాళ్లు ఒక వరసలో పంపారు, చదివేవాళ్లు ఇంకో వరసలో చదివారు."

"పంపింది ఎవరు?"

"నేను చేసిన బోర్డు సార్."

"చదివింది?"

"నేను రాసిన ప్రోగ్రాము."

"అంటే మీకు మీరే సరిగ్గా ఉత్తరం రాసుకోలేకపోయారన్నమాట."

"అవును సార్. తప్పు నాదే. ఇప్పుడే దిద్దేస్తాను."

"తొందరపడకండమ్మా," అన్నారు సత్యనారాయణ గారు, ఎంతో వాత్సల్యంగా. "మీరు కాంట్రాక్టు మనిషి. విభాగంలో తప్పు చేసే అధికారం సహాయ సంచాలకుల స్థాయికి తగ్గని వారికే ఉంది. మీరు చేసింది తప్పు కిందికి రాదు."

"అయితే మీరు చేసినట్టు రాసుకుంటే..."

"ముప్ఫై ఏళ్ల సర్వీసులో నేను ఏ పనీ చేయలేదు. తప్పు మాత్రం ఎలా చేస్తాను?"

తప్పు చేసినవారు లేరు కనుక తప్పు లేదని, తప్పు లేదు కనుక దిద్దుబాటు లేదని ఆయన ఓపిగ్గా వివరించారు. పైపుల లోడు బయలుదేరిందని కూడా చెప్పారు.

ఆ రాత్రంతా ఆమెకు వేలు లావు ధారే కళ్ల ముందు మెదిలింది. దానికి పైపు తగిలిస్తే ఈత కొలను ఎలాగూ నిండదు. బిందెలు మాత్రం ఎండిపోతాయి. ప్రోగ్రాముకు సీలు ఉంది. ముట్టుకుంటే ఉద్యోగం పోతుంది. కానీ బోర్డు దినసరి సిబ్బంది. దాన్ని ఎవరు ఏం చేసినా అడిగే దిక్కు లేదు. ఆదివారం నాడు లాప్‌టాప్ సంచిలో వేసుకుని కొండెక్కింది. ఊట పక్క రాతి మీద కూర్చుని, బోర్డు ముక్కలను పంపే వరస తిరగేసింది. ఇకనుంచి పెద్ద స్థానం ముందు, ఒకట్లు వెనక. ఫోనులో చూస్తే ఆఫీసు తెర మీద అంకె మారింది. రెండు. నిజం ఆఫీసుకు చేరింది కదా అని ఆమె గుండె తేలికపడింది. చాలా రోజుల తర్వాత ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

సోమవారం పొద్దున్న ఆఫీసులో ఎవరూ కూర్చుని లేరు. అందరూ తెర ముందు నిలబడి ఉన్నారు. నిమిషానికి ఐదు వందల పది లీటర్ల నీరు ఒక్క రోజులో మాయమైంది.

"దొంగతనం," అన్నారు సత్యనారాయణ గారు.

ప్రత్యేక విచారణాధికారిగా ధర్మతేజ గారు విశాఖ నుంచి రైల్లో దిగారు. నల్ల కళ్లద్దాలు, చేతిలో కర్ర. మన్యం అంటే ఆయనకు సినిమాల వల్ల బాగా పరిచయం. ఉమామహేశ్వరిని వెంటబెట్టుకుని తుమ్మిపుట్టు చేరగానే ఊరిపెద్ద సోంబరును పిలిపించారు. సోంబరు అప్పుడే చోడి చేలోంచి వచ్చి, కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు లేక మట్టితోనే నిలబడ్డాడు.

"నీళ్లు ఎక్కడ దాచారు?" అన్నారు ధర్మతేజ గారు.

"ఏ నీళ్లు బాబూ?"

"పోయిన నీళ్లు."

సోంబరు ఉమామహేశ్వరి వైపు చూశాడు. ఆమె తల దించుకుంది.

"బాబూ, మాకాడ ఉన్నవి రెండే లీటర్లు. అవి తవరి జీపులోకి పోసేసినారు," అన్నాడు. (జీపు వేడెక్కి పొగలు కక్కితే ఊట నీళ్లు పట్టి పోసిన మాట నిజం.)

సోదా మొదలైంది. ఇంటింటా కుండలు, బిందెలు, తప్పేలాలు మూతలు తీసి చూశారు. నీళ్లు దొరకలేదు. ఒక ఇంట్లో మాత్రం జీలుగు కల్లు కుండ దొరికింది. అది నీరు కాదని నిర్ధారించుకోవడానికి విచారణాధికారికి మూడు గ్లాసులు పట్టింది. ఆ తర్వాత విచారణ మరింత సామరస్యంగా సాగింది. ఆయన ఊట పక్కనే కాసేపు పడుకుని, లేచి, ఇంత నీటిని దాచాలంటే పెద్ద జలాశయమే కావాలన్న నిర్ణయానికి వచ్చారు. సీలేరులో ఈ మధ్య అదనంగా నీరేమైనా కనిపించిందా అని ఒక లేఖ రాయించారు. జవాబు రావలసి ఉంది.

నివేదిక వచ్చింది. నీరు పోయిన మాట నిజం. ఊళ్లో దొరకలేదు కాబట్టి ఊరివాళ్లు ఎంతో నేర్పుగా దాచారు. నెలలోగా నీటిని యథాస్థానంలో పెట్టకపోతే కేసు. నోటీసు అతికించడానికి ఊళ్లో సరైన గోడ లేక, 'జిల్లాలో ప్రథమం' రేకు బోర్డు మీదే అతికించారు.

ఉమామహేశ్వరి ఈసారి ఒంటరిగా కొండెక్కింది. సోములమ్మ గుమ్మంలో కూర్చుని మిరియాలు ఏరుతోంది. ఎదురుగా చతికిలబడి, జరిగిందంతా చెప్పేసింది. చెబుతూ చెబుతూ ఎప్పుడు బొబ్బిలి యాసలోకి జారిపోయిందో ఆమెకే తెలియలేదు.

"నానే తప్పు లెక్క పంపినాను పిన్నీ. మల్లీ నానే దిద్దినాను. మజ్జిన మిమ్మల్ని దొంగల్ని సేసి కూకోబెట్టినాను."

సోములమ్మ ఏరడం ఆపి ఆమె మొహం చూసింది.

"అయితే ఇప్పుడు ఆ లెక్కల నీళ్లు నేవని సెప్పి మమ్మల్ని జైలుకి తోల్తారేటి?"

"తోలినా తోల్తారు."

"మరి నువ్వే ఎట్టినావు, నువ్వే తీసినావు. మల్లీ ఎట్టీలేవేటి?"

ఉమామహేశ్వరికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

"అంటే మల్లీ అబద్ధం..."

"లెక్కలోంచి పోయింది లెక్కలోనే ఎట్టీ గుంటా. మా బిందెలోంచి తీసి ఎట్టమంటే ఎక్కడ తెత్తాం? బేగి కానీ, మా ఇంటోడు పోలీసుల పేరు సెబితే రెండు రోజులై కూడు తింటం నేదు."

ఆమె బోర్డు వరసను మళ్లీ తిరగేసింది. తెర మీద ఐదు వందల పన్నెండు లీటర్లు తిరిగి వచ్చాయి. పోయిన నీరు ఒక్క చుక్క తగ్గకుండా దొరికిన కేసు రాష్ట్ర చరిత్రలోనే ఇది మొదటిదని ధర్మతేజ గారికి ప్రశంసాపత్రం ఇచ్చారు. పైపుల లోడు కొండ కింద దిగింది. మర్నాటి నుంచి తవ్వకం.

ఆ రాత్రి ఉమామహేశ్వరి చాలాసేపు ఆలోచించింది. ఇంతకాలం ఆమె ఆఫీసుకు పచ్చిగా, ఉన్నదున్నట్టు చెప్పబోయింది. ఆఫీసు పచ్చివి తినదు. పొద్దున్నే వెళ్లి, జీవితంలో మొదటిసారి ఉడికించిన నోటు ఒకటి రాసింది. 'ఆర్యా' తో మొదలుపెట్టి 'విధేయురాలు' తో ముగించింది. మధ్యలో ఇలా ఉంది: సదరు నీరు దొంగసొత్తుగా నమోదై, దరిమిలా స్వాధీనమైనది. సీలేరు నుంచి జవాబు రానందున విచారణ ముగియలేదు. విచారణ ముగియకుండా స్వాధీనపు సొత్తును పైపు ద్వారా గాని మరే విధముగా గాని తరలించినచో, తరలింపు ఉత్తర్వుపై సంతకం చేసిన అధికారి సాక్ష్యం మాయం చేసినట్లగును.

సత్యనారాయణ గారు పైపుల ఉత్తర్వు మీద పెట్టబోయిన కలాన్ని గాల్లోనే ఆపేశారు. నోటు రెండుసార్లు చదివారు. ఆమెను మొదటిసారి చూస్తున్నట్టు చూశారు.

"ఇది మీరే రాశారా?"

"అవును సార్."

"మీరు పర్మనెంటు కావలసిన మనిషమ్మా."

తవ్వకం ఆగింది. దొంగసొత్తుకు సంరక్షకులు ఉండాలి కనుక, సొత్తుకు అందరికన్నా దగ్గరగా నివసిస్తున్న సోములమ్మను సంరక్షకురాలిగా నియమించారు. సొత్తు ఎల్లవేళలా ఆమె కంటి ముందు ఉండవలెనని షరతు పెట్టారు. సోములమ్మ ఆ షరతును ఉమామహేశ్వరి చేత రెండుసార్లు చదివించుకుంది.

"నా కంటి ముందు ఉండాలంటే మరి నా గుమ్మంలోకి రావాల కదా? రోజూ నానెక్కడ కొండెక్కుతాను?"

నిబంధన స్పష్టంగా ఉంది. కొండ కింద పడి ఉన్న పైపుల్లో కొన్ని పైకెక్కాయి. సోంబరు, ఊరి కుర్రాళ్లు వేసవి పనులు మొదలయ్యేలోపే ఊట నుంచి ఊరి మధ్యకు కాలువ తవ్వి పైపు పాతారు. బోర్డును, మీటరును పైపు మొదట్లోనే ఉంచారు. రెండు లీటర్లే. కానీ గుమ్మం ముందు పడుతున్నాయి. మొదటి బిందె పట్టిన రోజు సోములమ్మ ఉమామహేశ్వరికి చోడి అంబలి పోసి, పక్కన కూర్చుని తాగేదాకా వదల్లేదు. ఆమె ఆ చెంబు ఖాళీ చేసి, కొంగుతో మూతి తుడుచుకుంటుంటే కళ్లు కూడా తడిశాయి.

ఏప్రిల్ చివర్లో కొండ మీద ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం ఆఫీసు తెర మీద సున్నా కనిపించింది. అందరూ మళ్లీ లేచి నిలబడ్డారు. ఉమామహేశ్వరి మాత్రం కూర్చునే ఉండిపోయింది. సున్నాను ఏ స్థానం ముందు పెట్టి చదివినా సున్నాయే. దాన్ని తిరగేసే వరస ఏదీ లేదు. ఫోను చేస్తే సోంబరు కూడా అదే చెప్పాడు. ఊట ఎండిపోయింది, ఆడవాళ్లు నీళ్ల కోసం కింద గెడ్డలోకి దిగుతున్నారు, ట్యాంకరు బేగి పంపండి అని.

ఆమె పరుగున వెళ్లి, ఊట ఎండిందని, ట్యాంకరు కావాలని చెప్పింది. సత్యనారాయణ గారు దయగా నవ్వారు. జిల్లాలో ప్రథమమైన ఊట ఎండడం అసాధ్యం. అసాధ్యమైన అంకె వచ్చిందంటే యంత్రం చెడినట్టు. యంత్రం చెడితే ఇచ్చేది ట్యాంకరు కాదు, మరమ్మతు. ఆయన ఉత్తర్వు చెబుతూ ఉంటే ఆమే టైపు చేసింది. ఒకచోట వేళ్లు ఆగాయి. ఆయన ఆ వాక్యాన్ని ఇంకోసారి, నెమ్మదిగా చెప్పారు.

"మరమ్మతు పూర్తయ్యే వరకు, తుమ్మిపుట్టు గ్రామస్తులు గత నెల సగటు నీటిని తాగుతున్నట్లుగా భావించవలెను."